ఇందూరు కోట నేర్పిన పాఠము

ఏర్గట్ల మొదలు బోధను చెరకు పొలముల వరకు, రజాకారు అను మాట పెద్దల నోట విననివారు అరుదు. మతము రాజకీయమైనప్పుడు ఏమగును? దేశరక్షణకై పౌరస్వేచ్ఛను ఎంతవరకు కుదింపవచ్చును? ఈ ప్రశ్నలకు మనము దూరదేశములకు పోనక్కరలేదు.

1927లో హైదరాబాదులో వెలసిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్, క్రమముగా, రాజ్యాధికారము ముస్లిములదే, నిజాము దానికి ప్రతీక అను వాదమునకు వచ్చినది. 1946లో ఖాసిం రజ్వీ అధ్యక్షుడైన పిదప రజాకారు దళములు బలిసినవి. ఇస్లాము మతము, దాని పేర అధికారము కోరుట రాజకీయము, అందుకై ప్రాణము తీయుట నేరము. ఈ మూడింటిని ఒకటిగా చూడరాదు. రజాకార్లను విమర్శించి 1948 ఆగస్టులో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే కదా!

నిజాము ప్రభుత్వము కవి దాశరథిని ఇందూరు కోట జైలులో నిర్బంధించినది. ఆయన బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసినాడు. 1948 సెప్టెంబరు 17 నాటికి ఆ పాలన ముగిసినది. కాని ఆ పిదప, రజాకార్లతో సంబంధము లేని ముస్లిములు కూడ బలియైనారు. మృతులు 27 వేల నుండి 40 వేల వరకు ఉందురని సుందర్‌లాల్ సంఘము అంచనా వేసినది.

ఇక నేటి మాట. కరాటే శిక్షణ ముసుగులో యువకులను హింసకు సిద్ధపరచుచున్నారను ఆరోపణపై 2022 జూలైలో నిజామాబాదు పోలీసులు పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియాకు చెందినవారిపై కేసు పెట్టినారు. జాతీయ దర్యాప్తు సంస్థ దానిని చేపట్టినది. సెప్టెంబరు 28న కేంద్రము ఆ సంస్థను 5 ఏండ్లు నిషేధించినది. ఇట్టి కేసులలో ఆరోపణపత్రమునకు 180 దినముల వరకు గడువు లభింపవచ్చును, బెయిలు దుర్లభము. నిషిద్ధసంస్థలో సభ్యత్వమే నేరమని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అధికారము పెరిగినకొలది సాక్ష్యము గట్టిదై యుండవలెను. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు ప్రేలిన పిదప పట్టుబడిన ముస్లిం యువకులలో పలువురు నిర్దోషులుగా విడుదలైనారు. ప్రభుత్వమిచ్చిన పరిహారమును 2013లో హైకోర్టు రద్దుచేసినది. వారు పోగొట్టుకొన్న కాలము మాత్రము తిరిగి రాలేదు.

కుమారుడు పెడదారి పట్టుచున్నాడని మొదట గ్రహించునది తల్లి. ఠాణాకు పోయి చెప్పినచో న్యాయము జరుగునను నమ్మకమున్ననే ఆమె నోరు విప్పును, లేనిచో దాచును. కావున పౌరస్వేచ్ఛ దేశరక్షణకు అడ్డు కాదు, దానికి ఆధారము. మనిషిని అతడు చేసిన పనినిబట్టియే విచారింపవలెను గాని, అతని మతమునుబట్టి కాదని మా మనవి.