చిన్ననాటి పాట, కొత్త గొంతు

దూరదర్శన్ కాలం నాటి పాటలను ఈ తరం మళ్లీ పాడుకుంటోంది. హంగులు చేర్చిన పాట తేలిపోయింది. పాటను పాటగా వదిలేసినవి నిలిచాయి. వాటిని కట్టినవారి పేర్లే మరుగున పడిపోతున్నాయి.

2016 ఏప్రిల్. డిస్నీ సంస్థ తీసిన 'ద జంగిల్ బుక్' అమెరికా కంటే వారం ముందే భారత్‌లో విడుదలకు సిద్ధమైంది. హిందీ డబ్బింగ్‌కు పెద్ద పేర్లే దొరికాయి. ఎలుగుబంటి బాలూకు ఇర్ఫాన్ ఖాన్, కొండచిలువకు ప్రియాంకా చోప్రా, నల్లచిరుత బఘీరాకు ఓం పురి గొంతులిచ్చారు. పెద్దపులి షేర్ ఖాన్‌కు మాత్రం పాత గొంతే వచ్చింది. 1990ల్లో దూరదర్శన్‌లో మోగ్లీ ధారావాహిక వచ్చినప్పుడు అదే పులికి గొంతునిచ్చిన నానా పాటేకర్ మళ్లీ మైకు ముందుకు వచ్చారు. అన్నింటికంటే ఎక్కువగా జనం నోళ్లలో నానింది మాత్రం సినిమా కథలో ఎక్కడా లేని ఒక పాట. గుల్జార్ రాసి, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన ఆ నాటి మోగ్లీ పాటనే ఆ ఇద్దరూ ప్రచారం కోసం మళ్లీ రికార్డు చేయించారు.

నిజానికి ఆ పాటకు మూలంతో సంబంధమే లేదు. మోగ్లీ ధారావాహిక జపాన్‌లో 1989లో తయారైంది. మొత్తం 52 భాగాలు. 1993లో హిందీ మాటలతో దూరదర్శన్‌కు వచ్చినప్పుడు, మన పిల్లల కోసం శీర్షిక గీతాన్ని కొత్తగా చేయించారు. అప్పటికి విశాల్ భరద్వాజ్ పేరు ఎవరికీ తెలియదు. ఆయనకు గుర్తింపు తెచ్చిన 'మాచిస్' రావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. చడ్డీ తొడుక్కున్న పువ్వులా అడవిలో పిల్లవాడు కనిపించాడన్న ఊహతో గుల్జార్ పాట రాశారు. 'చడ్డీ' మాట బాగోలేదని అప్పట్లో అభ్యంతరం వచ్చినా ఆయన మార్చలేదు. పిల్లలకు నచ్చింది ఆ మాటే. 2016లో మళ్లీ పాడించినప్పుడూ ఆ మాట అక్కడే ఉంది. వాద్యాలు మారాయి తప్ప పదం మారలేదు, బాణీ మారలేదు.

చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని విన్న పాటలను పెద్దయ్యాక తమ పద్ధతిలో పాడుకోవడం మన దగ్గరే మొదలైంది కాదు. అమెరికాలో 1995లోనే శనివారం ఉదయపు కార్టూన్ల పాటలను రాక్ బృందాల చేత పాడించి ఎంసీఏ సంస్థ ఒక ఆల్బమ్ తెచ్చింది. అందులో పంక్ సంగీతానికి పెద్ద దిక్కయిన రమోన్స్ బృందం 'స్పైడర్ మ్యాన్' పాట పాడింది. 2011లో మప్పెట్ బొమ్మల పాటలకూ అలాంటి ఆల్బమే వచ్చింది. అక్కడ ఎన్నో చానళ్లు, ఎన్నో కార్టూన్లు. ఏ పిల్లవాడి జ్ఞాపకం వాడిది. ఇక్కడ పరిస్థితి వేరు. 1982లో రంగుల ప్రసారాలు, జాతీయ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి 1990ల తొలినాళ్లలో స్టార్, జీ చానళ్లు ఇళ్లలోకి వచ్చేదాకా దేశమంతటికీ చూపేది దూరదర్శన్ ఒక్కటే. శ్రీకాకుళం పిల్లవాడు, శ్రీనగర్ పిల్లవాడు ఒకే ఆదివారం, ఒకే సమయానికి, ఒకే పాట విన్నారు. ఆ పాట మళ్లీ వినిపిస్తే గుర్తుపట్టేది ఒక రాష్ట్రం కాదు, ఒక తరం.

ఆ తరానికి మొదటి పాఠం లాంటిది 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా'. విజయా మూలే దర్శకత్వంలో 1974లో ఫిలిమ్స్ డివిజన్ తీసిన చిన్న యానిమేషన్ చిత్రం అది. వలలో చిక్కిన పక్షులన్నీ కలిసి ఎగిరిపోయే పంచతంత్ర కథను పాటగా చెబుతుంది. ఢిల్లీ గాంధర్వ మహావిద్యాలయ స్థాపకుడు వినయ్‌చంద్ర మౌద్గల్య రచన, వసంత్ దేశాయ్ సంగీతం. బొమ్మలకు కదలిక ఇచ్చినవారు భీంసేన్. పాడిన చిన్నపిల్ల తర్వాత సినీ గాయనిగా పేరు తెచ్చుకున్న సాధనా సర్గమ్. హిందీ ముక్క రాని తెలుగు పిల్లలు కూడా ఒకటికీ అనేకానికీ తేడాను హిందీలోనే నేర్చుకున్నారు. అర్థం తర్వాత తెలిసింది, రాగం ముందే పట్టుబడింది. అందుకే ఇవాళ గిటార్ పట్టిన కుర్రాడు ఈ పాట ఎత్తుకుంటే ఎదుటివారికి పరిచయం చేయాల్సిన పని ఉండదు.

అలాగని జ్ఞాపకం ఉన్న ప్రతి పాటా మళ్లీ పాడితే పండుతుందని కాదు. 'మిలే సుర్ మేరా తుమ్హారా' కథే సాక్ష్యం. 1988 ఆగస్టు 15న ఎర్రకోటపై ప్రధాని ప్రసంగం ముగిశాక తొలిసారి ప్రసారమైన పాట ఇది. ఓగిల్వీ సంస్థలో పనిచేసిన సురేశ్ మల్లిక్ ఆలోచన, పీయూష్ పాండే రచన, అశోక్ పత్కీ, లూయీ బ్యాంక్స్‌ల సంగీతం, కైలాశ్ సురేంద్రనాథ్ చిత్రీకరణ. భైరవి రాగంలో భీంసేన్ జోషి ఎత్తుకుంటే ఒకే భావం 14 భాషల్లో ఊరూరూ తిరుగుతుంది. తెలుగు వంతు తెలుగుకు ఉంది. మన గోదావరి తీరంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మాత్రం అందులో తమిళ పంక్తి పాడారు. అది తప్పని ఎవరూ అనలేదు. కలిసి పాడటమే ఆ పాట ఉద్దేశం కదా.

22 ఏళ్ల తర్వాత, 2010 జనవరి 26న, జూమ్ చానల్ దాన్ని 'ఫిర్ మిలే సుర్' పేరుతో మళ్లీ తీసింది. కొత్తవాళ్ల చేతిలో పడి పాడైందనడానికీ లేదు. దర్శకుడు అదే కైలాశ్ సురేంద్రనాథ్, సంగీతం చూసింది అదే లూయీ బ్యాంక్స్. ఏఆర్ రెహమాన్ మొదలుపెట్టగా శాస్త్రీయ సంగీత దిగ్గజాలు, హిందీ తారలు వరుస కట్టారు. తెలుగు నుంచి మహేశ్ బాబు కనిపించారు. ఆరు నిమిషాల పాట కాస్తా 16 నిమిషాలు దాటింది. ప్రేక్షకులు మాత్రం పెదవి విరిచారు. సినిమా తారలు ఎక్కువయ్యారని, పాట తక్కువైందని విమర్శలు వచ్చాయి.

మొదటి పాటలో తారలు లేరా అంటే ఉన్నారు. అమితాబ్ బచ్చన్, కమల్ హాసన్, లతా మంగేష్కర్ అందరూ ఉన్నారు. అయితే వాళ్లు కనిపించేది క్షణాలే. వారి పక్కనే ఏనుగు మీద మావటి, పొలంలో రైతు కూడా అంతే సమంగా పాడతారు. చూసే పిల్లవాడికి ఎవరు గొప్పో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. రెండోసారి మావటి స్థానం తారలకు దక్కింది. పాట వినే పని పోయి ముఖాలను గుర్తుపట్టే పని మిగిలింది. మోగ్లీ పాట గెలిచిందీ, ఇది ఓడిందీ ఇక్కడే. 2016 నాటికి విశాల్ భరద్వాజ్ 'మక్బూల్', 'ఓంకారా', 'హైదర్' తీసిన దర్శకుడు. గుల్జార్‌కు 81 ఏళ్లు. ఇద్దరూ తమ పేరుకు తగ్గట్టు పాటను పెద్దది చేయాలనుకోలేదు. అల్లరిని అల్లరిగానే ఉంచారు.

మాటలే లేని బాణీలది ఇంకా సులువైన ప్రయాణం. ఆర్‌కే నారాయణ్ కథలతో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' 1986లో దూరదర్శన్‌లో వచ్చింది. ఆర్‌కే లక్ష్మణ్ బొమ్మల వెనుక వినిపించే ఆ కూనిరాగానికి భాష అడ్డం రాదు. వేణువు మీద, గిటార్ మీద, కీబోర్డు మీద, బృందగానంగా దాన్ని వాయించి యూట్యూబ్‌లో పెట్టేవారికి కొదవ లేదు. ఆ వీడియోల కింద సీరియల్ పేరు తప్పక ఉంటుంది. బాణీ కట్టిన ఎల్.వైద్యనాథన్ పేరు చాలాసార్లు ఉండదు. వయొలిన్ విద్వాంసుడు ఎల్.సుబ్రమణ్యానికి అన్న అయిన ఆయన 2007లో కన్నుమూశారు. వసంత్ దేశాయ్ 1975లోనే పోయారు. తన పాట దేశమంతా పిల్లల నోట పలకడాన్ని ఆయన చూడనే లేదు.

అసలు చిక్కు ఇదే. పాట అందరిదీ అనిపించిన కొద్దీ ఎవరో ఒకరు చేశారన్న సంగతి మరుగున పడుతుంది. ఈ మతిమరుపు మీద మన దేశంలో ఒకప్పుడు పెద్ద వ్యాపారమే నడిచింది. మూల రికార్డు వచ్చాక నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి అదే పాటను వేరే గొంతుతో తీసుకురావచ్చని 1957 నాటి కాపీరైట్ చట్టం వీలు కల్పించింది. 1980ల్లో చవక కేసెట్ల వెల్లువకు దారి వేసింది ఆ వెసులుబాటే. 2002లో 'కాంటా లగా' రీమిక్స్ ఊపేసినప్పుడు అది 1972 నాటి 'సమాధి' చిత్రానికి ఆర్డీ బర్మన్ కట్టిన బాణీ అని ఎంతమందికి గుర్తుంది?

2012 సవరణతో లెక్క మారింది. ఇప్పుడు కవర్ వెర్షన్ చేయాలంటే మూలం రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసివ్వాలి. ఏటా కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ చెల్లించాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మూలంలో మార్పు చేయకూడదు. అది కవర్ వెర్షన్ అని స్పష్టంగా చెప్పాలి. పాత గాయకుల పేరో ఫొటోనో వేసి కొనేవారిని భ్రమపెట్టకూడదు. రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో రావాల్సిన వాటాను నిర్మాత పూర్తిగా రాయించుకునే దారీ ఆ సవరణతోనే మూసుకుపోయింది. అందుకోసం రాజ్యసభ లోపల, బయట పోరాడినవారిలో జావేద్ అఖ్తర్ ముందున్నారు. అయితే పాత ఒప్పందాల మీద, ప్రభుత్వ సంస్థల కోసం చేసిన పాటలకు హక్కు ఎవరిదన్నది ఆ కాగితాల్లో ఏం రాసుకున్నారన్న దానిపైనే ఆధారపడుతుంది. గదిలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసే కుర్రాడికి ఈ సెక్షన్లేవీ గుర్తుకురావు.

ఈ మోజు ఎన్నాళ్లుంటుందో చెప్పడమూ కష్టమే. మోగ్లీ పాట విన్న పిల్లలకు ఇప్పుడు నలభై దాటుతున్నాయి. వాళ్ల పిల్లలు చూసేది ఎవరి ఫోన్‌లో వాళ్లు, ఎవరి భాషలో వాళ్లు. పక్క వీధి పిల్లవాడు నిన్న ఏ పాట విన్నాడో వీళ్లకు తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత ఒక గాయని వేదిక మీద తన చిన్ననాటి పాట ఎత్తుకుంటే హాలంతా అందుకుంటుందన్న భరోసా లేదు. ఆ భరోసా ఉన్న చివరి పాటల్లో కొన్ని ఇవి. వాటిని మళ్లీ పాడేవారు స్వరం మార్చవచ్చు, తాళం మార్చవచ్చు. వీడియో కింద వైద్యనాథన్ పేరో, వసంత్ దేశాయ్ పేరో ఒక వరుస రాయడానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేదు, ఖర్చూ ఉండదు.