మనోస్వస్థత – పాఠశాల బాధ్యత

శరీరానికి జబ్బు చేస్తే మనిషి నలుగురికీ చెప్పుకొంటాడు; మనసుకు జబ్బు చేస్తే దాచుకొంటాడు. పదిహేనేళ్ళ పిల్లవానికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ కంగారుపడి డాక్టరు దగ్గరకు తీసుకువెళతారు. అదే పిల్లవాడు వారాల తరబడి సరిగా నిద్రపోక, అన్నం సహించక, పుస్తకం ముందు పెట్టుకొని శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే దానికి పెట్టే పేర్లు వేరుగా ఉంటాయి. ఒకరు సోమరితనమంటారు, ఒకరు దిష్టి అంటారు, మరొకరు ఈమాన్ బలహీనత అంటారు. ఆ పేర్లలో ఏదీ పిల్లవానికి ఉపశమనం కలిగించదు. పైగా, తన బాధ ఒక నేరమేమోనన్న భయాన్ని అతనిలో నాటుతుంది.

ఇది అరుదుగా ఎదురయ్యే సమస్య కాదు. పది నుండి పందొమ్మిదేళ్ళ వయస్సు గల ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 13–17 సంవత్సరాల వారిలో అట్టివారు 7.3 శాతం. అనగా నలభైమంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురు. 2022వ సంవత్సరంలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడినట్లు ప్రభుత్వ లెక్కలు తెలుపుతున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాత కొద్దిరోజులలోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్న విషాదాన్ని తెలుగువారు మరచిపోలేదు. కనుక ఈ విషయాన్ని బడిలో బోధించాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. ఏమి బోధించాలి, ఎలా బోధించాలి అన్నదే ఇప్పటి ప్రశ్న.

బల్ఖీ చెప్పిన మాట

మనోవ్యాధుల గురించి మాట్లాడటం పాశ్చాత్యుల నుండి వచ్చిన కొత్త అలవాటని కొందరు భావిస్తారు. చరిత్ర ఈ భావనను బలపరచదు. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ అనే పండితుడు శరీరాల, ఆత్మల సంరక్షణ గురించి ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథం రచించాడు. అందులో మొదటి భాగం దేహానికి, రెండవ భాగం మనసుకు సంబంధించినవి. దేహానికి సుదీర్ఘకాలం ఏ జబ్బూ రాకపోవచ్చు గాని, మనసును కోపమో, భయమో, దుఃఖమో తాకని రోజు ఉండదని, అయినా మనుషులు మనసు సంరక్షణను అశ్రద్ధ చేస్తున్నారని ఆయన అభిప్రాయం.

మనసును పట్టి పీడించేవాటిని బల్ఖీ నాలుగుగా విభజించాడు: కోపం, భయం, దుఃఖం, వస్వసా. దుఃఖాన్ని మళ్ళీ రెండు రకాలుగా చూశాడు. ఆత్మీయులను కోల్పోవటం, నష్టపోవటం వంటి తెలిసిన కారణం గల దుఃఖం ఒకటి. ఏ కారణమూ కనిపించకుండా మనసును కమ్ముకొని, దేహంలోని మార్పుల వల్ల కలిగే దుఃఖం రెండవది. మొదటిదానికి ఓదార్పు, ఆలోచన మందు కాగా, రెండవదానికి వైద్యం కావాలని ఆయన గుర్తించాడు. వస్వసా గురించి ఆయన వ్రాసిన లక్షణాలు నేడు వైద్యులు చెప్పే లక్షణాలతో ఎంత దగ్గరగా ఉన్నాయో 2015లో వెలువడిన ఒక పరిశోధనా వ్యాసం వివరించింది. వుజూ సరిగా కాలేదేమోనన్న సందేహంతో గంటల తరబడి చేతులు కడుగుతూ కూర్చునే పిల్లవాడు పాపాత్ముడు కాడు, అతి భక్తిపరుడూ కాడు. అతనికి వైద్య సహాయం అవసరం.

బల్ఖీ సూచించిన మరో ఉపాయం పాఠశాలకు నేరుగా వర్తిస్తుంది. ఇంట్లో అవసరానికి మందులు ముందుగానే సిద్ధం చేసి పెట్టుకొన్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్న సమయంలోనే మంచి ఆలోచనలను సమకూర్చుకొని కష్టకాలంలో వాడుకోవాలన్నాడు. విద్యార్థికి ఈ బోధన పరీక్షల హోరులో కాక ముందుగానే అందాలనటానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

పాఠంలో ఏముండాలి?

కౌమార దశలో దేహంతో పాటు మెదడు కూడా మారుతూ ఉంటుంది. ఆవేశాలు త్వరగా ఎదుగుతాయి; వాటిని అదుపు చేసే వివేచనకు మరికొన్నేళ్ళు పడుతుంది. ఈ వయసులో నిద్ర వేళలు కూడా సహజంగానే రాత్రి ఆలస్యానికి జరుగుతాయి. 13–18 ఏళ్ళ వారికి రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. తెల్లవారుజామున నాలుగింటి నుండి రాత్రి పదకొండింటి దాకా పిల్లలను పుస్తకాలకు కట్టేసే వసతి గృహం వారి చదువుకు మేలు చేయదు; మనసుకు కీడు చేస్తుంది. కాబట్టి దేహాన్ని చూసుకోవటం మనోస్వస్థతకు తొలిపాఠం.

రెండవ పాఠం భావాలకు పేరు పెట్టటం. తనలో రేగుతున్నది కోపమా, అవమానమా, భయమా అని గుర్తించగలిగిన విద్యార్థి దానిని మాటల్లో చెప్పుకోగలుగుతాడు. చెప్పుకోలేనివాడు దానిని చేతలలో చూపిస్తాడు.

మూడవది, మామూలు బాధకు, జబ్బుకు గల తేడా. మార్కులు తగ్గితే రెండు రోజులు దిగులుపడటం జబ్బు కాదు. కాని రెండు వారాలు గాని అంతకు మించి గాని, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులు కమ్ముకొని, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి నశించి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే వైద్యుని సంప్రదించాలి. ఈ తేడా తెలియకపోతే రెండు ప్రమాదాలున్నాయి. ప్రతి దిగులునూ జబ్బనుకోవటం ఒకటి. నిజమైన జబ్బును దిగులుగా కొట్టివేయటం రెండవది.

నాలుగవది, సహాయం అడగటం, స్నేహితునికి సహాయపడటం. కౌమారంలో ఉన్నవారు తమ బాధను మొదట చెప్పుకొనేది తోటివారికే. కనుక “ఎవరికీ చెప్పనని ఒట్టు” అన్న మాట ఒక ప్రాణానికి సంబంధించినదైనప్పుడు ఆ రహస్యాన్ని నమ్మకమైన పెద్దలకు చెప్పటం ద్రోహం కాదని ప్రతి విద్యార్థికీ స్పష్టంగా నేర్పాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలి మానస్’ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు, ఉచితంగా, తెలుగులో కూడా సలహా ఇస్తుంది. ఈ నంబరు ప్రతి తరగతి గోడపై ఉండదగినది.

ఆత్మహత్య గురించి మాట్లాడితే లేని ఆలోచన పిల్లలలో రేపినట్లవుతుందని అనేకమంది భయపడతారు. ఈ భయానికి ఆధారం లేదు. ఆదరంతో, నేరుగా అడగటం వల్ల ఆ ఆలోచన పుట్టదని, లోపల కుమిలిపోతున్నవారికి నోరు విప్పే అవకాశం దొరుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది.

ఎవరు బోధించాలి?

మంచి ఉద్దేశ్యం ఉన్నంత మాత్రాన బోధన ఫలించదు. బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో ఉపాధ్యాయుల ద్వారా ధ్యాన పద్ధతులు నేర్పించి చూడగా, మామూలు బోధన కంటే అదనపు ప్రయోజనం కనిపించలేదని 2022లో తేలింది. ఐరోపాలోని పది దేశాలలో 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది విద్యార్థులతో జరిగిన మరో పరిశోధన ఫలితాలు 2015లో వెలువడినాయి. అందులో ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన చోట చెప్పుకోదగిన తేడా రాలేదు. పిల్లలే పాత్రలు ధరించి, చర్చించి, తమ సమస్యలకు తామే పరిష్కారాలు వెదికిన చోట, ఏడాది తర్వాత ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి పైగా తగ్గాయి.

మన దేశపు ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. బీహారులోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, సుమారు 13 వేలమంది తొమ్మిదవ తరగతి పిల్లలతో ‘సెహర్’ అనే కార్యక్రమం జరిగింది. సెహర్ అంటే ఉషోదయమని ఉర్దూ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. కొన్ని బడులలో ఉపాధ్యాయుడు, కొన్నింటిలో ప్రత్యేకంగా నియమించిన స్థానిక సలహాదారు ఒకే కార్యక్రమాన్ని నడిపారు. ఆ సలహాదారులు మనోవైద్యులు కారు. తగిన శిక్షణ పొందిన మామూలు వ్యక్తులు. ప్రార్థనా సమావేశంలో చర్చలు, గోడపత్రిక, పేరు వ్రాయకుండా కూడా కష్టం చెప్పుకోగల ఉత్తరాల పెట్టె, కోరినవారితో ఏకాంతంగా సంభాషణ – ఇవే అందులోని పనులు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం సలహాదారు ఉన్న బడులలో వాతావరణం మెరుగుపడింది. దిగులు, తోటివారిని వేధించటం, హింస తగ్గాయి. ఉపాధ్యాయుడు నడిపిన బడులలో ఏ మార్పూ కనిపించలేదు.

ఇది ఉపాధ్యాయులను నిందించే విషయం కాదు. పాఠాలు, పరీక్షలు, రికార్డులు మోస్తున్నవానిపై మరో భారం వేస్తే అది మొక్కుబడిగానే సాగుతుంది. అదీగాక మార్కులు వేసే చేతికే గుండెలోని మాట అందించటం పిల్లలకు సులభం కాదు. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దాలని సంకల్పించింది. మానసికారోగ్యం అందులోని పదకొండు అంశాలలో ఒకటి. ఈ ప్రయత్నం మంచిదే గాని, సలహాదారు లేని లోటును ఇది పూరించలేదని నలందా అనుభవం తెలుపుతున్నది.

విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ళ బాలిక కేసులో 2025 జూలై 25న సుప్రీం కోర్టు దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హుడైన సలహాదారుని నియమించాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు గదులలో కూర్చోబెట్టరాదు, నలుగురిలో అవమానించరాదు. ఈ ఆదేశాలు ప్రైవేటు పాఠశాలలకు, శిక్షణా కేంద్రాలకు, వసతి గృహాలకు కూడా వర్తిస్తాయి.

సబ్ర్, చికిత్స

“నమాజు, దుఆ, సబ్ర్ ఉండగా డాక్టరెందుకు?” అన్న ప్రశ్న నిజాయితీతో అడిగేవారున్నారు. దుఃఖం ఈమాన్ లేమికి నిదర్శనమైతే ప్రవక్తల జీవితాలలో దానికి తావుండేది కాదు. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) చూపు కోల్పోయిన సంగతిని దివ్య ఖుర్ఆన్ స్వయంగా వివరిస్తున్నది. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన సంవత్సరం దైవప్రవక్త (సఅసం) చరిత్రలో ‘దుఃఖ సంవత్సరం’గానే నిలిచిపోయింది. జబ్బు చేస్తే చికిత్స చేయించుకోమని బోధించినదీ ఆ మహనీయుడే. ఆ బోధనలో దేహపు జబ్బులకు మాత్రమేనన్న షరతు లేదు.

ఇమాం గజ్జాలీ (రహ్మలై) జీవితం కూడా గుర్తుంచుకోదగినది. హిజ్రీ 488 (క్రీ.శ. 1095)లో, బాగ్దాదు నిజామియాలో అత్యున్నత ఆచార్య పీఠంపై ఉన్నప్పుడు, ఆయన దాదాపు ఆరు నెలలు మనోవేదనలో నలిగిపోయాడు. తరగతిలో నోరు పెగలలేదు. ముద్ద గొంతు దిగలేదు. మూలం హృదయంలో ఉందని వైద్యులు తేల్చారు. ఈ విషయాలను తన ఆత్మకథలో వ్రాసిపెట్టినది ఆయనే. అంతటి పండితుడు దాచుకోని విషయాన్ని దాచుకోమని పదవ తరగతి పిల్లవానికి చెప్పటం న్యాయం కాదు.

ప్రార్థన మనసుకు బలాన్నిస్తుంది, సమాజం తోడునిస్తుంది. వైద్యం వాటికి పోటీ కాదు. మదరసాలలో, ముస్లిం యాజమాన్యాల పాఠశాలలలో, బాలికల వసతి గృహాలలో వారానికి ఒక పీరియడు ఈ బోధనకు కేటాయించటం, ఒక ఉత్తరాల పెట్టె ఉంచి దానిని నమ్మకంగా తెరచి చూసే ఒక వ్యక్తిని నియమించటం, దగ్గరలోని మనోవైద్యుని వివరాలు సిద్ధంగా ఉంచుకోవటం – వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఫలితాలు వెలువడే వారంలో ప్రతి విద్యార్థితోనూ ఒక పెద్ద మనిషి ఐదు నిమిషాలు మాట్లాడటానికి అసలే ఖర్చు లేదు.

పిల్లలు తల్లిదండ్రుల చేతిలో, గురువుల చేతిలో ఉంచబడిన అమానతు. ఆ అమానతు గురించి విచారణ ఉంటుందని విశ్వసించేవారు పిల్లవాడు ఎన్ని మార్కులు తెచ్చాడని అడిగేముందు, రాత్రి నిద్రపట్టిందా అని అడగటం నేర్చుకోవాలి.