పెడతలకు దెబ్బ తగిలితే ముక్కుకేమైంది?

తణుకు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. నాలుగు నెలల కిందట ఆవిడ తమ్ముడు బండి మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. పెడతల రోడ్డుకు కొట్టుకుంది. స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదని మూడో రోజుకే ఇంటికి పంపేశారు. పోపు మాడిపోతున్నా అతనికి వాసన రావడం లేదని ఇంటికొచ్చాకే తెలిసింది. ఉప్పు, పులుపు తెలుస్తున్నాయి గానీ ఆవకాయకీ మాగాయకీ తేడా తెలియడం లేదు. అమృతాంజనం ఘాటు మాత్రం తెలుస్తోంది. దెబ్బ తల వెనక తగిలితే ముక్కు ఎందుకు పాడైందని ఆవిడ ప్రశ్న. జవాబు పుర్రె అడుగున, బొటనవేలి గోరంత చోటులో ఉంది.

పుర్రెలో 22 ఎముకలు. పై డొప్ప నున్నగా ఉంటుంది, అడుగంతా కంతలే. వెన్నుపాము దిగే మహారంధ్రం వాటిలో పెద్దది. కంటి నరానికో కాలువ, చెవి నరానికో సొరంగం, నెత్తురు తెచ్చే ధమనులకు వేరే దారులు. వాటి జాబితా వైద్య విద్యార్థులకు వదిలేద్దాం. మనకు కావలసింది రెండు కళ్ల మధ్య, ముక్కు పైకప్పుగా ఉండే జల్లెడ ఎముక.

ఒకసారి ఒక మెడికో గదిలో బోన్‌ సెట్‌లోని పుర్రెకు పై డొప్ప తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాను. లోపల ముందుభాగంలో నిటారుగా లేచిన చిన్న ఎముక, అచ్చం కోడిజుట్టులా ఉంది. దానికి అటూ ఇటూ రెండు సన్నటి గాళ్లు, ఒక్కొక్కటి దాదాపు రెండు సెంటీమీటర్ల పొడవు. వాటి నిండా సూదిమొన బెజ్జాలు. ప్రతి బెజ్జంలోంచీ వెలుతురు చుక్కచుక్కగా కారుతోంది. ఇంత పల్చటి ఎముక మెదడుకూ బయటి గాలికీ మధ్య గోడ అంటే నమ్మబుద్ధి కాలేదు.

బతికున్న మనిషిలో ఆ బెజ్జాలు ఖాళీగా ఉండవు. ముక్కు పైపొరలోని ఘ్రాణ కణాల తోకలు కట్టలు కట్టి, ఒక్కో పక్క 20 దాకా పోగులుగా వాటిలోంచి పైకి దూరుతాయి. గాడిలో ఆనుకుని ఉన్న ఘ్రాణ గడ్డను చేరతాయి. ఆ గడ్డ మెదడులో భాగమే. అంటే పోగుకు ఒక కొస ఎముకలో బిగుసుకుని ఉంది, రెండో కొస మెదడుకు కట్టి ఉంది.

1400 గ్రాముల మెదడు నీటిలాంటి ద్రవంలో తేలుతుంది, అందువల్ల లోపల దాని బరువు 50 గ్రాములకు మించదు. తేలే వస్తువుకు కుదుపే శత్రువు. బస్సుకు సడన్‌ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టే, రోడ్డు తగిలి పుర్రె టక్కున ఆగినా మెదడు ఆగదు. పెడతల వైపుకు జారి, వెంటనే ముందుకు విసురుగా వస్తుంది. ముందు భాగం కింద పుర్రె నేల గరుకుగా ఉంటుంది. ఆ జరుగుడులో కొబ్బరిపీచు కన్నా సన్నటి ఆ పోగులు బెజ్జం అంచు దగ్గర పుటుక్కున తెగుతాయి. ముక్కుకు గీత కూడా పడదు. నుదుటి దెబ్బ కన్నా పెడతల దెబ్బకే వాసన ఎక్కువగా పోవడానికి కారణం ఇదే.

మరి అమృతాంజనం? ఘాటు, చురుకు, చల్లదనం వాసనలు కావు, స్పర్శలు. వాటిని మోసేది అయిదో కపాల నాడి. దాని కొమ్మలు పుర్రెలో వేరే కంతల గుండా వెళతాయి కాబట్టి ఆ దారి చెక్కుచెదరలేదు. అక్కయ్య గమనించిన ఆ చిన్న వివరమే నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది!

ఈ బెజ్జాల గురించి వెయ్యేళ్లకు పైగా లోకం పొరబడింది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్‌, మెదడు మురికి ఈ జల్లెడలోంచి వడగట్టుకుని చీమిడిగా కారుతుందన్నాడు. పడిశం పడితే మెదడు కారుతోందని వైద్యులు తరతరాలుగా నమ్మారు. 1660లలో విట్టెన్‌బర్గ్‌ ఆచార్యుడు కాన్రాడ్‌ విక్టర్‌ ష్నైడర్‌ చీమిడి పుట్టేది ముక్కు లోపొరలోనేనని తేల్చాడు. అంతటితో కథ ముగిసిందనుకుంటే 1869లో గుస్తావ్‌ ష్వాల్బె కుక్కల మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి రంగు ఎక్కించాడు. ఆ రంగు లింఫు నాళాల్లో తేలింది. గొర్రెల్లో, ఎలుకల్లో ఆ ద్రవం ఘ్రాణ పోగుల వెంట జల్లెడ దాటి ముక్కు వైపు లింఫు నాళాల్లోకి దిగుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. మనిషిలో ఎంత దిగుతుందన్న వాదన ఇంకా నడుస్తోంది. గేలెన్‌ చీమిడి సంగతి తప్పు, దారి సంగతి మాత్రం పూర్తిగా తప్పు కాదు.

తెగిన పోగులు మళ్లీ మొలుస్తాయా? ఘ్రాణ కణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి. నాడీ కణాల్లో ఇది అరుదైన వరం. కొత్త తోక తన బెజ్జాన్ని వెతుక్కుంటూ పైకి పాకుతుంది. అక్కడ గాయం మానిన మచ్చ అడ్డుపడితే కిందే ముడులు పడి ఆగిపోతుంది. కోలుకునేవాళ్లలో చాలామంది మొదటి ఏడాదిలోనే కోలుకుంటారు, కాబట్టి తణుకు తమ్ముడికి ఇంకా గడువుంది. జర్మనీలో థామస్‌ హుమెల్‌ బృందం 2009లో ప్రచురించిన సాధన తేలికే. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను పొద్దునా సాయంత్రం శ్రద్ధగా పీల్చడం, వారాల తరబడి. దెబ్బ తర్వాత ఎప్పుడైనా ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారితే మాత్రం జలుబనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

నాకు బాధ కలిగించేది మరొకటుంది. తలకు దెబ్బ తగిలిన రోగి కేస్‌ షీటులో తరచూ రెండు నుంచి పన్నెండు వరకూ కపాల నాడులు బాగున్నాయని రాస్తారు. వాసన మోసే మొదటిదాన్ని పరీక్షించడానికి కాస్త కాఫీపొడి చాలు, అయినా వదిలేస్తారు. గ్యాసు లీకైనా తెలియని మనిషి అలాగే ఇంటికి వెళ్లిపోతాడు. ఇక రోడ్ల మీద చూస్తే మాడును మాత్రమే కప్పే టోపీ హెల్మెట్లు. పెడతల వాటి కింద ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది.