కాపీ కొట్టాడు... మాస్టరయ్యాడు!

పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే డిబారే! అదే పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోనైతే, అనుమతి తీసుకుని గోడ మీది బొమ్మ ముందు దర్జాగా స్టాండు వేసుకుని మరీ కాపీ కొట్టొచ్చు. 1793లో మ్యూజియం తలుపులు తెరిచినప్పటి నుంచీ ఉన్న ఆచారమిది. ఇప్పుడు షరతులూ ఉన్నాయి. కాపీ అసలు బొమ్మ సైజులో ఉండకూడదు. సంతకాన్ని దించకూడదు.

1893లో అలా కుంచె పట్టుకుని నిలబడ్డ ఓ 23 ఏళ్ల కుర్రాడి పేరు హెన్రీ మతీస్. ఆ తర్వాత ప్రపంచం మెచ్చిన చిత్రకారుడయ్యాడు కానీ, అప్పటికి మాత్రం ఇంట్లోవాళ్లకి దారితప్పిన కొడుకే. తండ్రి ధాన్యం, విత్తనాల వ్యాపారి. కొడుకు లా చదివాడు, లాయరు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇక ఫర్వాలేదనుకుంటుండగా 1890లో అపెండిసైటిస్‌తో మంచమెక్కాడు. పాపం పిల్లాడికి పొద్దుపోవాలని అమ్మ రంగుల పెట్టె కొనిచ్చింది. అంతే... లాయరు ఆఫీసు మూలపడింది!

పారిస్ వెళితే ఆర్ట్ స్కూలు ప్రవేశపరీక్ష పోయింది. గుస్తావ్ మొరో అనే మాస్టారు మాత్రం తన క్లాసులోకి రానిచ్చాడు. శిష్యుల్ని లూవ్ర్‌కి పంపి పాత చిత్రాలు దించమనడం ఆయన పద్ధతి.

మతీస్ ఎంచుకున్నవాటిలో ఒకటి, బరోక్ కాలపు డచ్ చిత్రకారుడు యాన్ డావిడ్స్ డె హేమ్ 1640లో వేసిన భోజనాల బల్ల. దాదాపు అయిదడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల పైచిలుకు వెడల్పు. తెల్లటి దుప్పటి, పళ్లు, వెండి సామాను, గాజు గ్లాసులు, ఓ పక్కన లూట్ అనే తీగల వాద్యం. విందు మధ్యలో ఎవరో పిలిస్తే అందరూ లేచి వెళ్లినట్టుంటుంది. మనుషులెవరూ లేరు కాబట్టి తేలికనుకునేరు! అదే బల్ల మీద వెండి మెరవాలి, గాజు అవతలిది కనపడాలి, పండు పండులానే ఉండాలి. అన్నీ ఆ నాలుగు రంగుల్తోనే.

చూసి దించేవాడికి తెలిసొచ్చే మొదటి సంగతి... వరస. మామూలుగా ముందు గీత, తర్వాత గోధుమరంగుతో వెలుగునీడలు, ఆపైన అసలు రంగులు, వాటి మీద అద్దంలాంటి పల్చటి పూతలు. గ్లాసు మీది తెల్లటి మెరుపుచుక్క అన్నిటికంటే చివర. మనలాంటివాళ్లం దాన్నే ముందు పెట్టేస్తాం! నూనె లెక్క కూడా ఉంది. అడుగుపొరలో టర్పెంటైన్ కలిపి పల్చగా వేయాలి, పైకి వెళ్లేకొద్దీ అవిసె నూనె పెంచాలి. ఈ నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అడుగున నూనె ఎక్కువై ఆరకముందే పైపొర బిగుసుకుంటే, ఏదో ఒకరోజు బొమ్మ బీటలిస్తుంది.

మతీస్ కాపీ అసలులో సగమే. ఎత్తు 72 సెంటీమీటర్లు, వెడల్పు మీటరు. షార్డాన్ లాంటివాళ్లవి కూడా దించాడు. అలా వేసిన కాపీల్లో కొన్నిటిని ఫ్రెంచి ప్రభుత్వం కొంది. చేతిలో డబ్బాడని రోజుల్లో అదే పెద్ద ఆసరా.

కథ అక్కడితో అయిపోలేదు. 1914లో యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరతానంటే మతీస్‌ను తీసుకోలేదు. మరుసటి ఏడాది, 45 ఏళ్ల వయసులో, కుర్రప్పటి కాపీని ముందేసుకుని అదే బల్లని మళ్లీ మొదలెట్టాడు. లూట్ ఉంది, దుప్పటి ఉంది, పళ్లున్నాయి. కానీ మెరుపులన్నీ పోయి నల్లటి గీతలు, ముక్కలు ముక్కలుగా రంగులు! డె హేమ్ చూస్తే గుర్తుపట్టేవాడా అన్నది అనుమానమే.

పాత కాపీ ఫ్రాన్స్‌లోని నీస్‌లో, మతీస్ పేరిటే ఉన్న మ్యూజియంలో ఉంది. 1915 నాటిది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది. ఎత్తు 180 సెంటీమీటర్లు, వెడల్పు 220. ఈసారి లూవ్ర్‌లోని అసలు బొమ్మే చిన్నది!