పడవ ఇంజనుకు ఎంత వేడి ఉండాలి?

మనిషి ఒంట్లో వేడి మామూలు కంటే బాగా పెరిగితే జ్వరమంటాము. మరీ తగ్గిపోతే ఇంకా హడలిపోతాము. ఇంజను సంగతీ ఇంతే. అందులో పాతకాలపు లాంచీ ఇంజనుకైతే ఈ చిక్కు మరీ ఎక్కువ. కారుకు రేడియేటరు ఉంటుంది. ఒకసారి పోసిన నీరే తిరిగి తిరిగి వస్తుంది. పాత లాంచీకి ఆ భోగం లేదు. అడుగున ఒక గొట్టం, దాని వెనుక ఒక పంపు. ఏటి నీళ్లను తోడుకొని ఇంజను చుట్టూ తిప్పి, మళ్ళీ ఏట్లోకే వదిలేస్తుంది.

ఆ నీళ్ల దారిలో కూర్చున్న కాపలాదారే థర్మోస్టాటు. అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ళ. దాని పొట్టలో ఉన్నది మైనం! ఇంజను చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసి ఉంటుంది. వేడెక్కగానే మైనం కరిగి, ఉబ్బి, ఒక పుల్లను ముందుకు నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. ఏ వేడికి తెరుచుకోవాలన్నది ఆ మైనం పాకాన్ని బట్టి ఉంటుంది. ఆ అంకె బిళ్ళమీదే అచ్చుకొట్టి ఉంటుంది.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. మా బావమరిదికి యానాం దగ్గర గౌతమీపాయలో తిరిగే పాత లాంచీ ఒకటి ఉంది. ఇంటిల్లిపాదీ దానిమీదే బతుకుతున్నారు. పాడైన బిళ్ళను పొట్లం కట్టి పంపి, “బావగారూ, హైదరాబాదులో దొరకని సామాను ఉంటుందా?” అని ఫోను చేశాడు. మా బహదూర్‌పురాలో మోటారు సామానుకు కొదవలేదు. మొదటి దుకాణంలోనే కొలత సరిగ్గా కుదిరిన బిళ్ళ దొరికింది. లారీదట. ధర కూడా చవక. కొని మా వీధి మెకానిక్కు ఉస్తాదుకు చూపిస్తే, ఆయన అంచుమీది అంకె చూసి, “పడవకు ఇది పెడితే ఖరాబే సార్” అని నా చేతిలోనే పెట్టేశాడు. దానిమీద 82 అని ఉంది. పాతదాని మీద 60.

కొలత కుదిరితే సరిపోదా? సరిపోదు. మీ ఇంట్లో బోరునీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి, తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి అంటుకుంటుంది. సముద్రపు నీటిలో ఈ సరుకు మరింత ఎక్కువ. సుమారు 60 డిగ్రీలు దాటినకొద్దీ పెచ్చు జోరుగా కడుతుంది. చాలామంది దీన్ని ఉప్పనుకుంటారు గాని, ఎక్కువభాగం సున్నపు జాతిదే. నీటి దారులు సన్నబడతాయి, ఇంజను ఇంకా కాగుతుంది, ఇంకా పెచ్చు కడుతుంది. చివరికి పైమూత వంగడమో బీటవారడమో జరుగుతుంది. వరదలో ఇంజను ఆగిన లాంచీ ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? అందులో ఉన్నది సరుకు మాత్రమే కాదు గదా!

అందుకనే బయటి నీటితో చల్లబడే ఇంజన్లకు తయారుచేసినవారే తక్కువ అంకె పెట్టారు. అనేక పాత ఇంజన్లకు అది 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. యాన్మార్ కంపెనీ జి.ఎం. తరగతి ఇంజన్లలో 42 దగ్గర తెరుచుకోవడం మొదలై 52కు పూర్తవుతుంది. ఆ తరగతిలోనే లోపలి మంచినీటితో చల్లబడే రకానికి 71. కనుక అడగవలసినది “పడవ ఇంజనా?” అని మాత్రమే కాదు, “ఏ నీటితో చల్లబడుతుంది?” అని. ఎప్పుడూ తీపినీటిలోనే తిరిగే పడవకు పెచ్చు బెడద కొంత తక్కువ. కాని మా వాడి లాంచీ వేసవిలో పోటు వేళ దిగువకు వెళితే ఉప్పునీరే తాగుతుంది. వాడికి 60 తప్ప గత్యంతరం లేదు.

అసలు బిళ్ళనే పీకి పారేస్తే? రేవుల్లో ఈ వైద్యం చేసేవారున్నారు. నాకిది తలనొప్పికి తల తీయించుకోవడంలా కనిపిస్తుంది. ఎప్పుడూ చల్లగానే నడిచే ఇంజనులో డీజిలు పూర్తిగా కాలదు. పొగ, మసి, నూనెలో బురద, లోపల అరుగుదల. పైగా కొన్ని ఇంజన్లలో బిళ్ళ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూస్తుంది కూడా. అది లేకపోతే నీళ్లు సుఖమైన పక్కదారి పట్టి, చల్లబరచవలసిన పైమూత దగ్గరకు తక్కువ చేరుతాయి. చల్లదనం కోసం తీసినది కాక పుట్టించవచ్చునన్నమాట.

ఇంజను కాగినప్పుడల్లా బిళ్ళనే నిందించడమూ తగదు. మా మీరాలం చెరువునే చూడండి. గండిపేట నీరు రాకమునుపు పాతబస్తీకి తాగునీరిచ్చిన చెరువు, 21 కమానుల కట్ట. ఇప్పుడు గుర్రపుడెక్క దాన్ని పట్టి పీడిస్తున్నది. అలాటి నీటిలో లాంచీ దింపితే ముందు మూసుకుపోయేది నీళ్లు పీల్చే జల్లెడ. అది చూసి, పంపులోని రబ్బరు రెక్కలు చూసి, తరువాతనే బిళ్ళ దగ్గరకు రావాలి.

ఉస్తాదు రెండు రోజులు వెదికించి 60 అంకె ఉన్నదే తెప్పించాడు. పంపేముందు వంటింట్లో పరీక్షించాను. తలుపు సందున దారం ఇరికించి, నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి, సన్నని సెగమీద కాచాలి. తలుపు తెరుచుకోగానే దారం జారి బిళ్ళ కిందపడుతుంది. అప్పటి వేడే దాని అసలు అంకె. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం పెట్టకండి, పగిలిపోతుంది. మా కాలేజీ రసాయనశాలలోది అరువు తెచ్చాను. మాది 61 దగ్గర పడింది. ఆ గిన్నెలో ఇక పాలు కాచేది లేదని మా ఆవిడ అప్పుడే తీర్మానించేసింది.

అమర్చేటప్పుడు మైనపు డిప్ప ఇంజను వైపుకూ, గాలిపోయే చిన్న చిల్లి ఉంటే అది పైకీ ఉండాలి. మూత కింద కొత్త గాస్కెట్టు వేయాలి. ఉప్పునీటిలో తిరిగే లాంచీకి ఏటా ఒకసారి విప్పి చూడమనీ, పెట్టెలో మరో బిళ్ళ, ఒక జత రబ్బరు రెక్కలు విడిగా ఉంచుకోమనీ మా వాడికి చీటీ రాసి పొట్లంలో పెట్టాను.