తుపాకీ బెల్టు సంగతులు

విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళినవాళ్ళలో ఇద్దరికి తుపాకీతో గట్టి పరిచయం ఉంది. 1952లో గెలిచిన గాం మల్లుదొర అల్లూరి సీతారామరాజు అనుచరుడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడి రాజు దళం 26 తుపాకులు, దాదాపు రెండున్నర వేల తూటాలు పట్టుకుపోయింది. 1962లో గెలిచిన విజయానంద గజపతిరాజు, అదే మన క్రికెట్ ‘విజ్జీ’, మూడు వందల పైచిలుకు పులుల్ని కొట్టానని చెప్పుకునేవారు. రేడియోలో ఆయన కామెంటరీ విసుగు పుట్టించేదట. ఆ పులులు తుపాకీ దెబ్బకు కాదు, కామెంటరీ విని పోయాయంటూ వెస్టిండీస్ ఆటగాడు కన్హాయ్ పేరు మీద ఒక జోకు ఇప్పటికీ తిరుగుతోంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు సరదా ముగిసింది. నగరాన్ని ఆనుకునే ఉన్న కంబాలకొండ ఇప్పుడు అభయారణ్యం, అక్కడి చిరుతల జోలికి వెళ్తే జైలే. ఇక తుపాకీని భుజానికి తగిలించుకునే తోలు బెల్టుతో పని పడేది లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకి, క్లబ్బుల్లో గురి సాధన చేసేవాళ్ళకి.

బెల్టు కొనేముందు తోలు కన్నా ముందు చూడాల్సింది బెల్టు తగిలించేందుకు తుపాకీకున్న కొక్కెం. వేట రైఫిళ్ళకు ఎక్కువగా అంగుళం బెల్టు పడుతుంది, మిలిటరీ రకాలకు అంగుళంపావు. 1907లో అమెరికా సైన్యం తెచ్చిన తోలు బెల్టు అంగుళంపావుదే. షూటర్లు దాన్ని ఇంకా వదల్లేదు.

భుజం దగ్గర వెడల్పుగా, మెత్త పెట్టి కుట్టినవి షాపులో భలే కనిపిస్తాయి. మోయడానికి హాయే. కానీ బెల్టు మోయడానికి మాత్రమే కాదు. ఎడమ దండచేతికి చుట్టి బిగిస్తే తుపాకీ కదలదు, గురి నిలుస్తుంది. ఆ లావుపాటి మెత్త చేతికి సరిగా చుట్టుకోదు. నన్నడిగితే అది దండగ ఖర్చు.

తోలులో రెండు రకాలు. క్రోమియం ఉప్పుతో పదును చేసినది కోసిన అంచులో నీలి బూడిదరంగు తేలుతుంది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన దక్షిణాది తోలు అంచుదాకా గోధుమరంగే. బెల్టుకు ఈ రెండోదే మేలు, సాగడం తక్కువ. కాకపోతే దీనికి ఇనుప బక్కిల్ పెడితే, తడి తగిలినచోట నల్లటి మరక పడుతుంది. కలంకారీ నలుపు పుట్టేదీ ఇలాగే, కరక్కాయా ఇనుమూ కలిసి. పోనీ ఇత్తడి పెడదామా అంటే, తోలులోని కొవ్వు తగిలి పచ్చటి చిలుము పడుతుంది. చిలుమును గుడ్డతో తుడిచేయొచ్చు, నల్లమరక పోదు. కాబట్టి ఇత్తడే నయం.

విశాఖ ఉప్పుగాలికి వానాకాలంలో తోలు మీద తెల్లటి బూజు ఖాయం. పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి, ఎండలో వేస్తే పెళుసెక్కుతుంది. నూనె అతిగా పట్టించినా చెడే, తోలు మెత్తబడి సాగిపోతుంది. తుపాకీని మాత్రం తోలుసంచిలో పెట్టి దాచకండి. తోలు పీల్చిన చెమ్మకు గొట్టం తుప్పుపడుతుంది.

అంతర్జాతీయ పోటీల్లో బెల్టు వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటకూడదు. పడుకుని, మోకాలిమీద కూర్చుని కాల్చేటప్పుడే వాడనిస్తారు, నిలబడితే వాడకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ అంతా నిలబడి కాల్చేదే. ఆ పతకంలో బెల్టుకు వాటా లేదు.