గని నంబరే చిరునామా

గోదావరిఖనిలో ఆటో ఎక్కి ‘యైటింక్లయిన్ కాలనీ’ అంటే చాలు, డ్రైవర్ ఇంకో మాట అడగడు. ఇంక్లయిన్ అంటే బొగ్గు బాయిలోకి ఏటవాలుగా దిగే దారి. 8వ నంబరు బాయి పేరే కాలనీ పేరయింది. బొగ్గు తగిలిన చోట కొలువు, కొలువున్న చోట ఇల్లు. సింగరేణి కార్మికుడు బతికిన ఇళ్లు లెక్కబెడితే బొగ్గు చరిత్రే బయటికొస్తుంది.

ఆ చరిత్ర 1889లో ఇల్లందులో మొదలైంది. తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం, 1960ల్లో గోదావరి ఒడ్డు. బాయిల వెంటే కుటుంబాలూ కదిలాయి. తాత ఇల్లందులో, తండ్రి బెల్లంపల్లిలో, కొడుకు గోదావరిఖనిలో బాయి దిగిన కుటుంబాలు కోల్‌బెల్టులో ఉన్నాయి.

మొదట్లో వచ్చినవాళ్లకు క్వార్టర్లు ఎక్కడివి? పల్లెల నుంచి వచ్చి, తెలిసినవాళ్ల పక్కన గుడిసె వేసుకున్నారు. తర్వాత మట్టి గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. ఎన్నో ఏళ్ల సర్వీసు తర్వాత క్వార్టర్ వస్తే ఇంట్లో పండగే. నల్లా నీళ్లు, కరెంటు, పొయ్యిలోకి కంపెనీ బొగ్గు. గ్యాస్ రాకముందు పొద్దుగూకితే ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసేవారు. పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాకే దాన్ని లోపలికి మోసుకెళ్లేవారు. అప్పటిదాకా కాలనీ మీద పొగ కమ్ముకునేది, దండెం మీది బట్టలకు మసి అంటేది. రెండు గదులు చాలక వెనక రేకులు దించేవారు, ముందు జామచెట్టు పెట్టేవారు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన తండ్రి నిద్రపోతుంటే పిల్లలు గొంతు తగ్గించి ఆడుకునేవారు.

పిల్లల పెళ్లి పందిళ్లు పడ్డదీ ఆ వాకిట్లోనే. అయినా రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. జామచెట్టును వెంట తీసుకెళ్లలేరు కదా!

పోనీ సొంతూరికి వెళదామంటే, కొందరికి ఆ ఊరే లేదు. ఓపెన్‌కాస్ట్ గని భూమిని పైనుంచి తవ్వుకుంటూ వస్తుంది. ఊరు అడ్డొస్తే ఊరే లేవాలి. రామగిరి మండలం లద్నాపూర్‌ది అదే కథ. అక్కడి ఇళ్లు ఓసీపీ-2 (ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్టు) కోసం పోయాయి. పరిహారం లెక్కలో గోడలు, తలుపులు, చెట్లు అన్నీ కొలతకొస్తాయి. కష్టానికి పిలిస్తే పలికే పక్కింటివాళ్లు మాత్రం ఏ కొలతకూ రారు. పునరావాస కాలనీలో ఎవరి పక్కన ఎవరికి ప్లాటు ఇవ్వాలో ఊరివాళ్లనే కూర్చోబెట్టి అడగాలి. దానికి అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు.

1990ల మొదట్లో సింగరేణి ఉద్యోగులు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. మనుషులు తగ్గాక పాత కాలనీల్లో క్వార్టర్లు కొన్ని ఖాళీపడ్డాయి. కప్పులు కురుస్తున్నాయి, గోడల్లో రావి మొలకలు పుడుతున్నాయి. కూలిపోయేదాకా వాటిని వదిలేయడం కంటే, సొంత గూడులేని రిటైర్డ్ కార్మికులకు, బాయిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు తక్కువ అద్దెకివ్వడం మేలు. మరమ్మతు చేస్తే ఇంకా కొన్నేళ్లు నిలబడే ఇళ్లు అందులో ఉన్నాయి.